పున్నమి హంగామా, అష్టమి తగవు

పౌర్ణమి నాడు చంద్రుడు భూమికి కాస్త దగ్గరైతే చాలు, తెలుగు వార్తా ఛానెళ్లు 'సూపర్ మూన్' పేరిట చేసే హడావుడి ఈ వారమూ యథావిధిగా సాగింది. ఖగోళ అద్భుతంగా చలామణి అవుతున్న ఆ పేరు ఏ ఖగోళ శాస్త్రజ్ఞుడూ పెట్టినది కాదనీ, 1979లో రిచర్డ్ నోల్ అనే అమెరికన్ జ్యోతిష్కుడు కల్పించినదనీ ఆ చర్చల్లో పాల్గొన్న హేతువాదులకైనా గుర్తు వచ్చినట్లు లేదు.

చంద్రుని కక్ష్య దీర్ఘవృత్తం కనుక, భూమి నుంచి దాని దూరం సుమారు 3,56,400 కిలోమీటర్లకూ 4,06,700 కిలోమీటర్లకూ మధ్య మారుతూ ఉంటుంది. అతి దగ్గరి బిందువును నీచమనీ, అతి దూరపు బిందువును ఉచ్చమనీ అంటారు. తెరపై మోగిన '14 శాతం పెద్ద' అన్న లెక్క అతి దూరపు పౌర్ణమితో పోల్చినప్పటిదే గాని, సగటు పౌర్ణమితో పోలిస్తే తేడా అందులో సగమే. దానిని మామూలు కన్ను పసిగట్టలేదు. పౌర్ణమి సగటున 29.53 రోజులకూ, నీచస్థితి 27.55 రోజులకూ తిరిగి వస్తాయి కాబట్టి, పద్నాలుగు పౌర్ణములకు, అంటే దాదాపు 413 రోజులకు, ఆ రెండూ మళ్లీ కలుసుకుంటాయి. ఇంత క్రమం తప్పక వచ్చేదానిని అద్భుతమనడం సాహసమే.

దూరపు మార్పు నిజంగా తెలియవచ్చేది ప్రతి తెలుగు ఇంటి గోడకూ వేలాడే క్యాలెండర్‌లోనే. సూర్యునికీ చంద్రునికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలమే తిథి. నీచానికి చేరువలో చంద్రుడు వేగంగానూ, ఉచ్చానికి చేరువలో నెమ్మదిగానూ కదులుతాడు గనుక, తిథి ఒకప్పుడు 20 గంటలకే ముగిసి, మరొకప్పుడు 26 గంటలు దాటుతుంది. పండుగలకు తగులు మిగులు రావడానికి ఇదీ ఒక కారణమని ఏ ఛానెలూ ఒక్క నిమిషమైనా చెప్పదు.

ఇక్కడే అసలు తగవు ఉంది. సూర్యసిద్ధాంతం వంటి ప్రాచీన గ్రంథాలు చంద్రగతికి గరిష్ఠంగా 5 డిగ్రీల సవరణనే ఇచ్చాయి. గ్రహణాలు పట్టే పౌర్ణమి, అమావాస్యలకు అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే ఆ వేళల్లో సూర్యాకర్షణ ప్రభావం దీర్ఘవృత్త ప్రభావాన్ని కొంత తగ్గిస్తుంది. అష్టమి దగ్గర మాత్రం ఆ రెండూ కలిసి ఏడు డిగ్రీలు దాటడం వల్ల, పాత లెక్కకూ ఆకాశానికీ నాలుగైదు గంటల తేడా రావచ్చు. ఈ లోపాన్ని సరిదిద్దే సవరణను 932లోనే ముంజాలుడు 'లఘుమానసం'లో చూపాడు. పాత లెక్కతోనే పంచాంగాలు గుణిస్తూ సంప్రదాయాన్ని కాపాడుతున్నామని చెప్పే పూర్వసిద్ధాంతులు ఆ సంప్రదాయంలోనే పుట్టిన సవరణను ఎందుకు పక్కన పెట్టారో చెప్పరు.

మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దృగ్గణితాన్ని, అంటే ఆకాశంలో కనిపించేదానితో సరిపోలే గణితాన్ని, సిఫారసు చేసి 1955లో నివేదిక ఇచ్చింది. 1957 మార్చి 22న జాతీయ పంచాంగమూ అమలులోకి వచ్చింది. అయినా ఒకే పండుగకు రెండు తేదీలు పుట్టడమూ, ఒక్కో పీఠం ఒక్కో తేదీకి ముద్ర వేయడమూ, సర్కారు సెలవును మారుస్తూ మరో ఉత్తర్వు విడుదల చేయడమూ ఆగలేదు. ఉపగ్రహాలను చంద్రుని చుట్టూ తిప్పుతున్న దేశంలో, తిథిని నిర్ణయించే పని మాత్రం నేటికీ ఎవరి పలుకుబడి ఎక్కువైతే వారికే దక్కుతోంది.