పాత విమానానికి కొత్త చేతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి విహారయాత్రకు విశాఖపట్టణం వెళ్ళిన విద్యార్థులలో, సముద్రతీరాన నిలిచి ఉన్న టి.యు.-142 విమానాన్ని చూడనివారు అరుదు. 53 మీటర్ల పొడవు గల ఈ విమానం 1988 నుండి 29 ఏండ్లు మన నౌకాదళానికి సేవచేసింది. శత్రు జలాంతర్గాములను వెదకుతూ హిందూ మహాసముద్రంపై సంచరించింది. ప్రమాదమన్నది లేకుండా 30,000 గంటలు ఎగిరి, 2017 మార్చిలో విరమించింది. ఆ డిసెంబరులోనే ప్రదర్శనశాలగా ప్రారంభమైంది.

విమానానికి విశ్రాంతి లభించింది గాని, దానిని కాపాడేవారికి విశ్రాంతి లేదు. కడలిగాలిలోని ఉప్పు తేమతో కలిసి, రంగు ఊడిన చోటల్లా అల్యూమినియం రేకును తినివేస్తుంది. ఉక్కు మర ఆ రేకును తాకే చోట ఈ క్షయం మరింత వేగంగా సాగుతుంది. మంచినీటితో కడగడం, నీరు నిలువకుండా చూడడం, గీత పడినచోట వెంటనే రంగు పూయడం చిన్న పనులే. అశ్రద్ధ చేసినకొద్దీ అవే పెద్ద మరమ్మతులవుతాయి.

ఈ బాధ్యతను అధికారులకే వదలివేయడం తగునా? బ్రిటన్‌లో 1940 డిసెంబరు 31న లాక్ నెస్ సరస్సులో మునిగిన వెల్లింగ్టన్ బాంబరు విమానాన్ని 1985లో వెలికితీశారు. బ్రూక్‌లాండ్స్ ప్రదర్శనశాలలో స్వచ్ఛంద సేవకులు ఏండ్ల తరబడి శ్రమించి దానికి పూర్వరూపం తెచ్చారు. వారిని నడిపించింది జీతం కాదు, మమకారం.

ఆ అవకాశం మనకూ ఉంది. టి.యు.-142కు ఎదురుగా, 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామిలో విశ్రాంత నావికులే సందర్శకులకు వివరాలు చెబుతారు. అనుభవం గల పెద్దలు ఉన్నారు. వారి వెంట నడిచే యువత కావాలి. జాతీయ సేవా పథకం విద్యార్థులకు నిపుణుల పర్యవేక్షణలో ఇట్టి పని అప్పగిస్తే, పాఠ్యపుస్తకంలో చదివిన లోహక్షయం వారికి కంటి ఎదుట కనబడుతుంది.

యుద్ధయంత్రానికి ఇంత సేవ ఎందుకని కొందరు అడుగవచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు వేశాయి. ఆకాశం నుండి వచ్చే ఆపద ఎట్టిదో ఈ తీరానికి తెలుసు. యుద్ధాన్ని కీర్తించడానికి కాదు, కావలి కాసినవారి శ్రమను మరువకుండుటకే ఈ విమానాన్ని నిలుపుకోవాలి.

టిక్కెట్టు కొని, ఫొటో దిగి వెనుదిరిగేవాడు సందర్శకుడు. గుడ్డ చేతబట్టి ఉప్పు తుడిచేవాడు వారసుడు. మనం ఎవరిగా మిగలాలో నిర్ణయించుకోవలసింది మనమే.