ప్రాజెక్టు ఎవరు చేసినట్టు?

పదో తరగతి ఇంటర్నల్ మార్కుల విషయంలో తెలంగాణ ప్రభుత్వానికి ఇంకా మనసు కుదురుకోలేదు. 2024 నవంబరు చివర్లో ఆ 20 మార్కులు ఎత్తేసి నూటికి నూరూ రాతపరీక్షకే అంది. మర్నాడే ఈ ఏడాదికి వద్దులే అంది. తర్వాత 80-20 పద్ధతినే పొడిగించింది. ఈ ఊగిసలాటకు మూలం ఎవరికీ తెలియనిది కాదు. చాలా బడుల్లో అడిగినా అడక్కపోయినా ఇరవైకి ఇరవై పడిపోతున్నాయన్నది పాత ఫిర్యాదే. ఆ ఇరవైని నాలుగు ఐదులుగా విడగొట్టారు: తరగతిలో పాలుపంచుకోవడానికి ఐదు, రాత పనులకు ఐదు, ప్రాజెక్టుకు ఐదు, స్లిప్ టెస్టుకు ఐదు. కాగితం మీద చక్కటి ఆలోచన. ఆచరణలో, ముఖ్యంగా ప్రాజెక్టు దగ్గర, తేలిపోయింది. గడువుకు ముందు రాత్రి ఏ కాలనీ జిరాక్స్ షాపు ముందు నిలబడ్డా సంగతి తెలుస్తుంది. నెట్‌లోంచి దింపిన నాలుగు పేజీలు, రెండు రంగు బొమ్మలు, స్పైరల్ బైండింగ్, పైన ప్లాస్టిక్ అట్ట. డబ్బులిచ్చేది తండ్రి, ప్రింటు తీసేది షాపు కుర్రాడు, మార్కులు పిల్లవాడికి. అలాగని మార్కులే తీసేద్దామనడం, తూకం తప్పుతోందని తక్కెడను పారేయడం లాంటిది. ఎవరు, ఎప్పుడు, ఎంత రాశారో చూపించే సాధనం చేతికందే దూరంలోనే ఉంది. నలుగురు ఒకే పత్రంలో కలిసి రాసుకునే గూగుల్ డాక్స్ లాంటి వాటిని బడిలోకి తేవాల్సింది హంగు కోసం కాదు, ఆ 20 మార్కుల పరువు కాపాడటం కోసం.

ఈ మాట హైదరాబాద్‌లో అనడానికి కారణం ఉంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్‌ను నగరానికి తెచ్చిందీ, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ మొదలైందీ ఆ ఏడాదే. అప్పటినుంచి మైండ్‌స్పేస్ మొదలు నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడల్లో జరిగే పని తీరు ఒకటే: ఎవరూ ఒంటరిగా రాయరు. రాసిన కోడ్ ఇంకొకరి రివ్యూకు వెళ్తుంది. ఏ వరుసను ఎవరు ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో నమోదవుతుంది. తప్పు దొరికితే వెనక్కి నడిచి ఎక్కడ పుట్టిందో పట్టుకుంటారు. ఆ ఉద్యోగుల పిల్లలు చదివే బడులు పక్కవీధిలోనే ఉన్నాయి. బోర్డు మీద ‘టెక్నో’ అనో ‘ఒలింపియాడ్’ అనో ఉంటుంది. లోపల మాత్రం, పక్కవాడికి కనబడకుండా జవాబుపత్రానికి మోచెయ్యి అడ్డం పెట్టుకోవడమే నేర్పుతారు. పగలంతా పదిమందితో కలిసి రాసే తల్లిదండ్రులే, సాయంత్రం ఇంటికొచ్చి బిడ్డకు సెక్షన్‌లో ఎన్నో ర్యాంకని అడుగుతారు.

ఒక నమూనా చూద్దాం. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురికి దుర్గం చెరువు మీద ప్రాజెక్టు ఇచ్చారనుకోండి. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువది. 2020లో దాని మీద తీగల వంతెన వచ్చింది. నలుగురూ ఒకే పత్రం తెరుస్తారు. ఒకమ్మాయి చెరువు చరిత్ర మొదలుపెడుతుంది, ఒకబ్బాయి చుట్టుపక్కల కాలనీల మురుగు గురించి రాస్తాడు. పత్రంలో ఒక్కొక్కరి గుర్తు ఒక్కో రంగులో కదులుతుంటుంది. మూడోవాడు అంచున వ్యాఖ్య పెడతాడు: ‘ఈ అంకె ఎక్కడిది?’ రాసినవాడు తడబడి, అంకె తీసేసి, చెరువుగట్టు కాపలాదారును అడిగి వచ్చి ఇంకో వాక్యం రాస్తాడు. ఇదంతా మాస్టారికి వెర్షన్ హిస్టరీలో, వ్యాఖ్యల్లో తేదీతో, గంటతో సహా కనబడుతుంది. నాలుగో పిల్లాడి పేరు అట్ట మీద ఉండి లోపల ఎక్కడా లేకపోతే అదీ కనబడుతుంది. స్పైరల్ బైండింగ్ ఏనాడూ చెప్పని సంగతులివి. తీసేసిన ఆ అంకెలోనే చదువు ఉంది. మన పరీక్ష దాన్ని కొట్టివేత అంటుంది. నిజానికి మార్కు వేయాల్సింది అక్కడే.

తెలుగుకు ఇది పరాయి విద్య కూడా కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ పైన ‘చర్చ’, ‘చరిత్ర’ అని ఉంటాయి. వ్యాసం ఎలా పెరిగిందో, ఏ మాట మీద ఎవరు పేచీ పెట్టారో అక్కడ విప్పి చూడొచ్చు. జీతం లేకుండా ఇరవై ఏళ్లకు పైగా తెలుగువాళ్లు కలిసి రాస్తూనే ఉన్నారు. పొరుగున కేరళ ఇంకో అడుగు ముందుకేసి దాదాపు 15,000 బడుల వివరాలతో స్కూల్‌వికీ నడుపుతోంది. ఏ ఊరి బడి పేజీని ఆ ఊరి టీచర్లు, పిల్లలే రాసుకుంటారు.

బడుల్లో టెక్నాలజీ అనగానే మొహం చిట్లించేవాళ్లున్నారు. వాళ్ల అనుభవం అలాంటిది. కరోనా ఏడాది 2020 సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు నడిచాయి. గత్యంతరం లేని రోజులవి, తప్పుపట్టలేం. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. అందులో పాఠాలు నింపిన బైజూస్ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. వాట్సాప్ గ్రూపులోనైతే మాస్టారు వర్క్‌షీటు పెడతారు, పిల్లలు బొటనవేలు బొమ్మ పెడతారు. టీవీ, ట్యాబ్, వాట్సాప్ అన్నిట్లోనూ ప్రవాహం పైనుంచి కిందికే. పిల్లవాడు చూస్తాడు, రాయడు. అది విసుగు పుట్టించిందంటే ఆశ్చర్యం లేదు. ఆ విసుగును కలిసి రాసే సాధనాలకూ అంటగట్టడం మాత్రం న్యాయం కాదు.

ఫోన్లు ఇస్తే పాడైపోతారన్న భయం గట్టిదే. గ్రామీణ పిల్లల మీద 2024 అసర్ నివేదిక ప్రకారం స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసిన 14-16 ఏళ్లవారిలో అంతకు ముందు వారం చదువు కోసం వాడింది 57 శాతం, సోషల్ మీడియాకు వాడింది 76 శాతం. అందుకే ఈ పని ఇంట్లో ఫోన్ మీద కాదు, బడి కంప్యూటర్ గదిలో జరగాలి. నలుగురికి ఒక్క కంప్యూటరే ఉందా? మరీ మంచిది. ఒకరు టైపు చేస్తుంటే ముగ్గురు వాదించుకుంటారు. అప్పుడు ఎవరు రాశారో హిస్టరీ చెప్పదు కాబట్టి, పేరా కింద పేరు పెట్టే అలవాటు చేయాలి. నెట్ లేని బడిలో నోటుపుస్తకమే పత్రం: ఎడమ పేజీ రాతకు, కుడి పేజీ తోటివారి ప్రశ్నలకు. ఇక్కడ సాధనం కన్నా పద్ధతి ముఖ్యం.

చాట్‌జీపీటీని అడిగి అతికిస్తే? అరపేజీ ఒక్క క్షణంలో ఊడిపడితే హిస్టరీ పట్టిస్తుంది. దాన్నే చూసి ఒక్కో అక్షరం కొట్టేవాడిని పట్టివ్వదు. అతన్ని నిలబెట్టి రెండు ప్రశ్నలు అడగాల్సిందే. టీచర్ లేని పరీక్ష ఇది కాదు. పిల్లల వివరాల సంగతి ఇంకా బరువైనది. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించిన 163 విద్యా సాఫ్ట్‌వేర్లలో 145 పిల్లల హక్కులకు ముప్పుగా, భంగకరంగా ఉన్నాయని తేలింది. మన 2023 డిజిటల్ డేటా చట్టం కూడా 18 ఏళ్ల లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. పిల్లల సొంత ఖాతాలు కాకుండా బడి ఇచ్చిన ఖాతాలు, లేదా ఈథర్‌ప్యాడ్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బడి సర్వర్ మీదే నడపడం: దారులు ఈ రెండే. ఉచితమంటూ వచ్చిన ప్రతి యాప్‌కూ తలుపు తీస్తే మాత్రం అనుభవించాల్సింది పిల్లలే.

అన్నిటికన్నా సిసలైన అభ్యంతరం టీచర్లది. పది గ్రూపుల పత్రాల చరిత్రలు చదివే తీరిక ఎవరికుంది? నిజమే, లేదు. ఏడాదికి నాలుగు ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు (ఎఫ్ఏలు), ప్రతి సబ్జెక్టుకూ ప్రాజెక్టు అన్న లెక్కలోనే లోపముంది. సబ్జెక్టుకు ఏడాదికి ఒక్క ప్రాజెక్టు చాలు, అది నెల రోజులు సాగాలి. మిగిలిన చదివే భారానికి ఐటీ కారిడార్ చేయి కలపొచ్చు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీల లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు కేటాయించమంటోంది. ఆ సొమ్ముతో సర్కారు బడుల గోడలకు రంగులు, పిల్లలకు బ్యాగులు ఇప్పటికే చాలా వచ్చాయి. రోజూ రివ్యూలు చేసేవాళ్లు వారానికో గంట పిల్లల పత్రాల అంచున, టీచర్ కళ్లెదుటే, ‘ఇది ఎలా తెలిసింది?’ అని అడిగి వెళ్తే రంగు డబ్బాకన్నా విలువైన దానం.

కాబట్టి విద్యాశాఖకు మనవి ఇది. ఆ 20 మార్కుల మీద ఇంకో ఉత్తర్వు తయారయ్యే లోపు శేరిలింగంపల్లి మండలంలో పది బడులు, సర్కారువీ ప్రైవేటువీ కలిపి, తీసుకోండి. తొమ్మిదో తరగతికి ఒక్క టర్మ్, ఒక్క సబ్జెక్టు. ప్రాజెక్టుతోపాటు దాని చరిత్రనూ మండల విద్యాధికారి (ఎంఈఓ) ముందు పెట్టించండి. ఇరవైకి ఇరవై ఎన్ని మిగులుతాయో చూసి, ఆ తర్వాత ఉంచాలో తీసేయాలో తేల్చండి.