చూసినవాళ్ళు చెప్పిందెంత, మనం విన్నదెంత?

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు బయటపడింది. బెంగళూరులో పనిచేసే ఒక యువ ఇంజనీరు దుబాయ్ వెళ్ళొచ్చి, ఇక్కడి నుంచి బస్సులో హైదరాబాదు చేరాడు. ఆ రాత్రికే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా పీజీలో అతను ఉండే వీధి ఏదో తెలియనివారు లేరు. కాకపోతే ముగ్గురు చెప్పినవి మూడు వేర్వేరు వీధులు!

సంఘంలో సాక్ష్యం అంటే ఏమిటో మనకు తెలుసు. నిలబడి, నాకు జరిగింది ఇది అని చెబుతాం. పక్కింటివాళ్ళ చుట్టానికి జరిగిందట అని ఎవరూ సాక్ష్యం చెప్పరు. ఆ మార్చిలో మాత్రం మేము చేసింది అదే. "మా ఫ్రెండ్ వాళ్ళ డాక్టరు చెప్పాడు" అని మొదలయ్యే ఆడియో ఒకటి ప్రార్థన గ్రూపులోకి కూడా వచ్చింది. ముందుకు పంపినవాళ్ళలో మేమూ ఉన్నాం.

వూహాన్‌లో డాక్టర్ లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబరు 30న తోటి డాక్టర్లను హెచ్చరించినప్పుడు మొదట సార్స్ అన్నాడు. కాసేపటికే, కరోనా వైరస్ అని తేలింది, ఏ రకమో ఇంకా చూస్తున్నారు అని సరిచేశాడు. పుకార్లు పుట్టిస్తున్నాడని పోలీసులు అతనితో సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరి 7న అదే జబ్బుతో చనిపోయాడు. తెలిసినంతే చెప్పి, తప్పయితే దిద్దుకున్న మనిషి మాట నోరు మూయించారు. ఏమీ తెలియని మా మాటలకు మాత్రం అడ్డే లేదు.

తెలియకపోవడం తప్పు కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు మాస్కు అక్కర్లేదని మార్చిలో చెప్పిన ప్రభుత్వమే, ఏప్రిల్ మొదట్లో ఇంట్లో కుట్టుకునైనా వేసుకోమంది. మాకింకా తెలియదు అని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే జనం మరింత నమ్మేవారని మా అభిప్రాయం.

ఇంతకీ మేము వినని సాక్ష్యం ఒకటుంది. మా పీజీలో వంట చేసే అక్కది అనంతపురం జిల్లా. మార్చి మధ్యలో ఒకరోజు చపాతీలు కాలుస్తూ అంది: "జబ్బు సంగతి నాకు తెలీదు బాబూ. నేను చేసే రెండిళ్ళలో రావద్దన్నారు. జీతం అడిగితే తలుపేసుకున్నారు." "జాగ్రత్త అక్కా" అనేసి మళ్ళీ ఫోన్లలో పడ్డాం. ఆ నెలంతా మా చెవిన పడిన వార్తల్లో కళ్ళారా చూసి చెప్పింది అదొక్కటే. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

పెద్దలూ అంతే. ఇంటికి పోతాం అని వలస కార్మికులు నోరు తెరిచి చెబుతుంటే, మే 5న బిల్డర్లతో మాట్లాడిన కర్ణాటక ప్రభుత్వం వాళ్ళ రైళ్ళు రద్దు చేయమంది. నలువైపులా విమర్శలు వచ్చాకే వెనక్కి తగ్గింది.

యువతీయువకులారా, ఆ రోజుల గురించి ఇప్పటికీ మనం మన వర్క్ ఫ్రమ్ హోమ్ కథలే చెప్పుకుంటున్నాం. మీ ఇంట్లో గిన్నెలు తోమినవారిని, వీధి ఊడ్చిన పౌరకార్మికులను అడిగారా? మేము చాలా ఆలస్యంగా అడిగాం. అక్క స్టవ్ తగ్గించి, "ముందు బియ్యం సంగతి చెప్పనా, నడిచిన సంగతి చెప్పనా?" అంది.