సౌలు కోసం ఏడ్చే సమూయేలు ఎక్కడ?



సౌలు రాజు మీద ప్రసంగం చేయడం మా సేవకులకు చాలా తేలిక. మూడు పాయింట్లు సిద్ధంగా ఉంటాయి: అవిధేయత, అసూయ, ఆత్మహత్య. మూడూ 'అ', 'ఆ'లతోనే మొదలవుతాయి కాబట్టి గుర్తుపెట్టుకోవడం కూడా సులువే. సెమినరీ నుండి వచ్చిన కొత్తలో నేను ఈ ప్రసంగం చాలా ఊళ్లలో చేశాను. విన్నవాళ్లు గట్టిగా ఆమేన్ అన్నారు. ఇప్పుడు ఆ ప్రసంగానికి నేనే విరోధిని.

ఎందుకంటే ఆ ప్రసంగంలో సమూయేలు ఉండడు. ఉన్నా, తీర్పు చదివి వెళ్లిపోయే జడ్జిగారిలా ఉంటాడు. పరిశుద్ధ గ్రంథంలో ఉన్న సమూయేలు అలాంటివాడు కాదు.

ఒకసారి 1 సమూయేలు 9వ అధ్యాయం తీసి చదవండి. తండ్రి గాడిదలు తప్పిపోతే వెతుక్కుంటూ వచ్చిన పల్లెటూరి కుర్రవాడు సౌలు. సమూయేలు అతన్ని సుమారు 30 మంది అతిథుల్లో ముఖ్యమైన చోట కూర్చోబెట్టాడు. అతని కోసమే ప్రత్యేకంగా దాచి ఉంచిన మాంసం వడ్డించాడు. ఇంటికి తీసుకెళ్లి మిద్దె మీద కూర్చుని మాట్లాడాడు. తెల్లవారాక ఊరి చివరిదాకా సాగనంపి, తలమీద తైలం పోసి ముద్దుపెట్టుకున్నాడు (10:1). ఇది అధికారి చేసే పని కాదు, తండ్రి చేసే పని.

ఆ రోజుల్లో సౌలు ఎలాంటివాడు? రాజుగా ఎన్నుకుంటే సామానుల మధ్య దాక్కున్నాడు (10:22). అమ్మోనీయుడైన నాహాషు యాబేష్గిలాదువారి కుడికళ్లు పెరికిస్తానంటే, పొలం నుండి ఎద్దుల వెనక వస్తున్నవాడు లేచి వెళ్లి వాళ్లను కాపాడాడు. గెలిచిన రోజున, తనను తృణీకరించినవాళ్లను చంపుదామని జనం అంటే ఒప్పుకోలేదు (11:13). మొదటి నుండీ చెడ్డవాడే అంటూ మనం చెప్పేది అబద్ధం. మంచివాడే పడిపోయాడు. భయం పుట్టవలసింది అందుకే.

పతనం కూడా ఒక్క రోజులో రాలేదు. గిల్గాలులో 7 రోజులు ఆగమంటే, జనం చెదిరిపోతున్నారన్న భయంతో బలి తానే అర్పించాడు. అమాలేకీయుల యుద్ధం తర్వాత మంచి పశువులను దాచుకుని, దేవునికి బలి ఇవ్వడానికే అన్నాడు. తన పేరున జయస్తంభం కూడా నిలబెట్టుకున్నాడు (15:12). చివరికి తప్పు ఒప్పుకున్నప్పుడు కూడా, పెద్దల ముందు నా పరువు కాపాడమని అడిగాడు. దాక్కున్నవాడు స్తంభం ఎత్తుకునేవాడయ్యాడు. ఆ తర్వాత దావీదు మీద ఈటె విసిరాడు. నోబులో 85 మంది యాజకులను చంపించాడు. ఇది చిన్న పాపం అని నేను అనడం లేదు.

అయితే సమూయేలు ఏం చేశాడు?

ప్రియులారా, నేను ముందే చెప్పాను అనే హక్కు ఈ లోకంలో ఎవరికైనా ఉంటే అది సమూయేలుకే ఉంది. రాజు వద్దని 8వ అధ్యాయంలో నిజంగానే ముందే చెప్పాడు. పైగా, ఆ రాజు రావడంతో పక్కకు తప్పుకోవలసి వచ్చింది ఆయనే. ఇంకొకరైతే లోపల సంతోషించేవారు. సమూయేలు మాత్రం ఆ వార్త విని రాత్రంతా దేవునికి మొరపెట్టాడు (15:11). రాత్రంతా ఏడ్చి, తెల్లవారుజామున లేచి, సౌలు ముఖం మీదే తప్పు చెప్పాడు. పశువుల అరుపులు వినబడుతున్నాయే, అవేంటని అడిగాడు. నీ దృష్టికి నువ్వు అల్పుడివిగా ఉన్న రోజులు మరిచిపోయావా అని గుర్తు చేశాడు. తర్వాత ఇంటికి వెళ్లి మళ్లీ దుఃఖపడ్డాడు (15:35).

ఆయన ముఖాన గద్దించి చాటున ఏడ్చాడు. మనం ముఖాన పొగిడి చాటున గద్దిస్తాం.

మన సంగతి చూడండి. పదోన్నతి పొందని కుర్రవాడికి నాలుగు పాటలు వస్తే చాలు, ఫ్లెక్సీ మీద మన పక్కన ఫోటో వేయిస్తాం, దైవజనుడు అని పిలిపిస్తాం. అతని లెక్కలు అడగం, ఇల్లు ఎలా నడుస్తుందో అడగం, అడిగితే బాధపడతాడేమో అంటాం. అతను పడిన రోజున మాత్రం మనకు నోరు వస్తుంది. సాయంత్రానికి సేవకుల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. ప్రార్థన చేయండి అని కింద రాస్తాం. అది ప్రార్థన కోసం పంపిన కబురు కాదని పంపినవాళ్లకూ తెలుసు, చదివినవాళ్లకూ తెలుసు.

కొందరు సహోదరులు అంటారు: ఎంతకాలం దుఃఖపడతావని దేవుడే సమూయేలును అడిగాడు కదా (16:1)? నిజమే. కానీ ఏడుపు ఆపమన్నది ఏడుస్తున్నవాడిని. మొదలే పెట్టని మనకు ఆ వాక్యం ఎలా వర్తిస్తుంది?

ఇంకొందరు అంటారు: ఇలా ఏడవడం అంటే పాపాన్ని కప్పిపుచ్చడమే. కాదు. సౌలు తరుముతుంటే దావీదు పారిపోయి వచ్చింది ఎవరి దగ్గరికి? రామాలో ఉన్న సమూయేలు దగ్గరికే (19:18). గాయపడినవాడికి ఆయన ఆశ్రయమిచ్చాడు. దోపిడీ చేసినవాడి చేతికి మళ్లీ కానుకల పెట్టె ఇవ్వమని, బాధపడ్డ ఆడబిడ్డను నోరు మూసుకోమని నేను చెప్పడం లేదు. సంఘ క్రమశిక్షణ ఉండాలి, తప్పుడు పనికి చట్టం ఉంటే చట్టం ముందుకు వెళ్లాలి. దావీదును దాచిన చేతులే సౌలు కోసం పైకెత్తబడ్డాయి. రెండూ చేయగలిగినవాడే కాపరి.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను బాప్తిస్మమిచ్చి, వాక్యం నేర్పి, సేవకు పంపిన ఒక తమ్ముడు ఉన్నాడు. నా పాత బైబిలు అతనికే ఇచ్చాను. మందిరం కట్టడానికి వచ్చిన డబ్బు సొంతానికి వాడుకున్నాడు. అడిగిన పెద్దలను శపించాడు. సంఘాన్ని రెండు ముక్కలు చేశాడు. మొన్న సేవకుల కూడికలో భోజనాల దగ్గర అతని మాట వచ్చింది. నేను అన్నం కలుపుకుంటూ, "నేను ముందే చెప్పాను" అన్నాను.

ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. నేను ఎవరికి చెప్పాను? నా భార్యకు చెప్పాను. పక్క ఊరి పాస్టరుగారికి చెప్పాను. అతనికి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. కొత్త బండి చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. బాగుంది తమ్ముడూ అన్నాను. అతను పడి ఏడాది దాటింది. ఇంతవరకు ఆ ఇంటి గడప తొక్కలేదు. మీ కోసం ప్రార్థన మానడం నాకు పాపమని సమూయేలు ఇశ్రాయేలుతో అన్నాడు (12:23). ఆ లెక్కన నేను ఏడాదిగా పాపంలో ఉన్నాను.

సౌలు చివరి రాత్రి గుర్తుందా? ఏన్దోరులో, వేషం మార్చుకుని, తానే దేశం నుండి వెళ్లగొట్టించిన కర్ణపిశాచి విద్య దగ్గరికి వెళ్లాడు. అది ఘోరమైన పాపం. అక్కడ కనబడింది ఎవరన్న వాదన ఇప్పుడు వద్దు. అతను ఎవరిని అడిగాడో చూడండి. తండ్రియైన కీషును అడగలేదు. సమూయేలునే రప్పించమన్నాడు. దుప్పటి కప్పుకున్న ముసలివాడు అనగానే గుర్తుపట్టి సాగిలపడ్డాడు (28:14). అన్ని సంవత్సరాలు పారిపోయి కూడా, ఆఖరికి తనను మొదట ముద్దుపెట్టుకున్న మనిషి గొంతు కోసం వెతుక్కున్నాడు. అప్పటికి సమూయేలు సమాధిలో ఉన్నాడు.

సేవకులారా, మనం ఇంకా బతికే ఉన్నాం. మన సౌలులు కూడా ఇంకా బతికే ఉన్నారు. పెద్దాయన చనిపోయాక ఆయన మాట కోసం వాళ్లు చీకట్లో తిరగవలసిన అవసరం రాకూడదు. నేను ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక ఆ తమ్ముడి ఇంటికి వెళ్తున్నాను. తలుపు తీస్తాడో లేదో తెలియదు. తీస్తే ముందు నా తప్పు ఒప్పుకుని, తర్వాత అతని తప్పు చెబుతాను. మీకు కూడా అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, పడినవాళ్ల గురించి మాట్లాడిన మా నోళ్లను క్షమించు. చెప్పవలసిన రోజున చెప్పే ధైర్యం, చెప్పాక ఏడ్చే హృదయం మాకు దయచేయి. గాయపడిన గొర్రెలను కాపాడు, దారి తప్పిన కాపరులను తిరిగి తీసుకురా. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.