మూగజంతువులపై విషపరీక్షలు

మందు కానిండు, ముఖమునకు పూసికొను పూత కానిండు, పైరుపై చల్లు పురుగుమందు కానిండు, మనుష్యునకు హాని చేయునో లేదో తెలిసికొనుటకు మొదట దానిని మూగజంతువుపై ప్రయోగించి చూచుట శాస్త్రజ్ఞులకు పరిపాటి యైనది. 1927లో ట్రెవాన్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టిన పద్ధతియందు, ఎంత మోతాదు నిచ్చిన జంతువులలో సగము చచ్చునో లెక్కింతురు. 1944లో అమెరికాలో డ్రెయిజ్ ప్రకటించిన పద్ధతియందు, కుందేటి కంటిలో ద్రవ్యమును వేసి, అది ఎఱ్ఱబారుటను, వాచుటను గమనించి అంకెలు వేయుదురు.

ఈ పరీక్షలు క్రౌర్యమునుండి పుట్టినవని మేమనము. 1937లో అమెరికాలో విషపరీక్ష చేయకయే విక్రయించిన యొక సల్ఫా మందును త్రాగి నూర్గురికి పైగా మరణించిరి; అందు పసిపిల్లలును గలరు. అట్టి విపత్తు మరల రారాదను భయము న్యాయమైనదే. కాని పరీక్ష వలయుననుట వేరు; పరీక్ష యనగా జంతువధయే యనుట వేరు.

జంతువునకు మారుగా వేఱొక సాధనమును వాడుడు, కానిచో సంఖ్య తగ్గింపుడు, బాధ తగ్గింపుడు అని రస్సెల్, బర్చ్ అను శాస్త్రజ్ఞులు 1959లోనే బోధించిరి. వీలున్నచోట నెల్ల జంతుప్రయోగములను మానవలయునను నుద్దేశము మన 1960 నాటి జంతుహింసా నివారణ శాసనమునందును గలదు. నేడు మనుష్యకణములతో పెంచిన చర్మముపై ద్రవ్యమును పరీక్షింపవచ్చును. కంటి పరీక్షకు, ఆహారమునకై కబేళాలో వధింపబడిన పశువుల కన్నులు అనేక సందర్భములలో చాలుచున్నవి. మన ప్రభుత్వము 2014లో సౌందర్యద్రవ్యములకై జంతుపరీక్షలను నిషేధించెను. 2023లో క్రొత్తమందుల నియమములను సవరించి జంతురహిత పద్ధతులకు చోటిచ్చెను.

ఇక మన పొలముల మాట. పూతకొఱకు కుందేటి కన్ను పోరాదని యొప్పుకొన్న మనము, ప్రత్తిచేనిలో చల్లు మందు సంగతి యడిగితిమా? 1968 నాటి శాసనము ననుసరించి పురుగుమందును నమోదు చేయించుటకు దాని విషప్రభావమును గూర్చిన వివరములు చూపవలయును. చూపవలసినదే, మందు చల్లు కూలివాని ప్రాణము చౌక కాదు. అయితే ఆ వివరములను సేకరించు మార్గ మొక్కటియే కాదు. పురుగుమందులకై కుక్కలపై ఏడాది పొడవున జరుపు పరీక్షను అమెరికా ప్రభుత్వము 2007లో తన నిబంధనలనుండి తొలగించెను. స్వల్పకాలపు పరీక్ష తెలిపినదానికంటె అది యధికముగా తెలుపుట అరుదని తేలుటయే కారణము. అనగా ఎన్నో యేండ్లు ఆ ప్రాణులు అవసరమునకు గాక అలవాటునకు బలియైనవి.

కావున కారణము చూపవలసినవాడు పరీక్ష వలదనువాడు కాడు, వలయుననువాడు. మారుసాధనము లేదని నిరూపించినగాని అనుమతి యీయరాదు. ఒకచోట తేలిన విషయమును మరల తేల్చుటకు ప్రాణులను చంపనీయరాదు. క్రొత్త సాధనములను కనుగొనువారికి ప్రభుత్వమును, మందుల వర్తకులును ధనమీయవలయును. ఈ హింస యంతయు మన క్షేమము పేరనే జరుగుచున్నది. అది నిజముగా అవసరమా యని యడుగు బాధ్యతయు మనదే.