తానాలకు ఆపరేషన్ ఉందా?

మా మల్కాజ్‌గిరిలో ఇద్దరు పిల్లల తల్లి ఒకామె జేవర్ అమ్మి ఛాతీకి ఆపరేషన్ చేయించుకుంటానంటే, ఖాందాన్ పెద్దలంతా "తౌబా, హరామ్" అన్నారు. కేవలం అందం కోసం ఖల్ఖ్‌ను మార్చడాన్ని ఉలమా కాదన్నారు, నిజమే. మరి షౌహర్ రోజూ విసిరే తానాలు హలాలా? వాటి మీద ఒక్క నోరూ లేవలేదేం?

ఛాతీ జారేది హమల్ వల్ల, వయసు వల్ల, బరువు పెరిగి తగ్గడం వల్ల. పాలివ్వడం వల్ల కాదు. అయినా షేప్ పోతుందని కోడలితో డబ్బా పాలు పట్టించే సాస్‌లున్నారు, అదీ ఖురాన్ చదివే ఇళ్ళలో!

క్లినిక్ వాళ్ళు చెప్పేది సగమే. లిఫ్ట్ చేస్తే కుట్ల మచ్చలు మిగులుతాయి, మళ్ళీ హమల్ వస్తే మళ్ళీ జారొచ్చు. ఇంప్లాంట్ జిందగీ అంతా ఉండేది కాదు. 2019లో అలర్గాన్ కంపెనీ గరుకు పొర ఇంప్లాంట్లను ఒక రకం లింఫోమా కేన్సర్ భయంతో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఫ్రాన్స్‌లో పిఐపి కంపెనీ ఫ్యాక్టరీ సరుకు సిలికాన్ నింపి అమ్మిన సంగతి 2010లో బయటపడింది.

కేన్సర్‌కి రొమ్ము తీసేసినామె, ఛాతీ బరువుకి మెడా వీపూ నొప్పితో కుమిలేదీ వేరు. వాళ్ళది ఇలాజ్. యుద్ధంలో ముక్కు పోయిన అర్ఫజా (రజి)కి బంగారు ముక్కు పెట్టుకోమని రసూల్ (స) చెప్పిన హదీసు అబూ దావూద్‌లో ఉంది.

ఖతీబ్ సాబ్‌లూ, ఒక్క జుమా బయాన్ షౌహర్ల జబాన్ మీద చేయండి. మైకు కాస్త గట్టిగా పెట్టించండి, ఇళ్ళలో ఆడవాళ్ళకీ వినపడాలి.