ఇల్లరికం వెళ్లని అల్లుడు

జపాన్ రైల్వేలు విదేశీ పర్యాటకుల కోసం అమ్మే రైలు పాస్ నాకు దొరుకుతుంది. మా ఆవిడకు దొరకదు. ఆమె పుట్టి పెరిగింది ఆ దేశంలోనే మరి. జపాన్ పాస్‌పోర్టు ఉన్నవారు కనీసం పదేళ్లుగా విదేశంలో ఉంటున్నట్టు రుజువు చూపితే తప్ప ఆ పాస్ ఇవ్వరు. హైదరాబాద్‌లో ఆమె కాపురానికి ఎనిమిదేళ్లే అయింది. అందువల్ల ఒకే రైల్లో పక్కపక్క సీట్లలో కూర్చున్నా, నేను టూరిస్టుని, ఆమె పుట్టింటికి వెళ్తున్న ఆడపడుచు. ఏడు రోజుల పాస్ ధరను 2023 అక్టోబర్‌లో 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000 యెన్‌లకు పెంచారు. అంత పోసి కొన్నాక దాన్ని అరగదీసేదాకా తిరగాల్సిందేనని పట్టుబట్టాను.

పది రోజుల సెలవులో ఆరు రోజులు చూడదగ్గ ప్రదేశాలకు, చివరి నాలుగు రోజులు అత్తారింటికి అని లెక్క తేల్చాను. బయల్దేరే ముందు ఆత్రేయపురం పూతరేకుల డబ్బా సర్దుతూ మా అమ్మ ఓ ప్రశ్న వేసింది. ''నువ్వు అత్తారింటికి వెళ్తున్నావా, జపాన్ చూడ్డానికి వెళ్తున్నావా?'' రెండింటికీ అని చెప్పి తప్పించుకున్నాను.

చూడ్డానికి జపాన్‌లో కొరతేమీ లేదు. ఆగస్టు ఉక్కపోతలో విజయవాడకు ఏమాత్రం తీసిపోని క్యోటోలో ఫుషిమి ఇనారి ఆలయం చూశాం. కొండ మీదికి వేలాది ఎర్రటి తోరణాల కింద నుంచి నడుచుకుంటూ వెళ్లాలి. ఎక్కేటప్పుడు తోరణాలు మాత్రమే కనిపిస్తాయి. దిగేటప్పుడు ప్రతి స్తంభం మీదా నల్లటి అక్షరాలు కనిపిస్తాయి. అవన్నీ దాతల పేర్లు, తేదీలు అని మా ఆవిడ చెప్పింది. గుడిలో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాయించే దేశం నుంచి వచ్చినవాణ్ని కదా, ప్రాణం లేచొచ్చింది. నారాలోని తోదాయ్‌జీలో మహాబుద్ధుడి ఎదుట ఛాతీ ఇంకాస్త పొంగింది. 752లో ఆ విగ్రహానికి నేత్రోన్మీలనం చేసింది బోధిసేనుడనే భారతీయ భిక్షువు.

అయితే ఎక్కడికి వెళ్లినా నా ముందు ఓ తాడు, నా వెనక ఓ గుంపు. 2024లో జపాన్‌కు 3 కోట్ల 68 లక్షల మందికిపైగా విదేశీయులు వచ్చారు. అప్పటికది రికార్డు. క్యోటోలో గేషాలుండే గియోన్ ప్రాంతంలో పర్యాటకుల తాకిడి భరించలేక అదే ఏడాది కొన్ని ప్రైవేటు సందుల్లోకి రావద్దని, వస్తే పదివేల యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. వాళ్ల తప్పు లేదు. మన వీధిలోకి రోజూ వెయ్యిమంది కెమెరాలతో వచ్చి ముగ్గువేస్తున్న ఇల్లాలిని ఫొటో తీస్తే మనమూ అదే పని చేస్తాం. కానీ ఆరో రోజుకి నాకూ విసుగొచ్చింది. అన్నీ చూశాను, ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆగస్టు 13న నగోయా మీదుగా నాగానో రాష్ట్రానికి బయల్దేరాం. మత్సుమోతో దగ్గర కొండల మధ్య ఉన్న చిన్న ఊరు మా అత్తగారిది. రైలు కిటకిటలాడుతోంది. అది ఓబోన్ పండుగ. చనిపోయిన పెద్దలు ఇంటికి వచ్చే రోజులు. బతికున్న పిల్లలు కూడా నగరాల నుంచి ఇంటికొస్తారు. మన మహాలయ పక్షానికీ, సంక్రాంతి ప్రయాణాలకూ ముడిపెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ పేరు 'ఉల్లంబన' అనే సంస్కృత పదం నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు. ప్రేతలోకంలో ఆకలితో అలమటిస్తున్న తల్లిని విడిపించిన మౌద్గల్యాయనుడి కథ దాని వెనక ఉంది.

గుమ్మంలో చెప్పులు విప్పుతూ మా ఆవిడ ''తదైమా'' అంది. ఇప్పుడే వచ్చేశానని అర్థం. లోపలి నుంచి మా అత్తగారు ''ఒకాయెరి'' అన్నారు. ఇంటికి తిరిగొచ్చినవాళ్లను పలకరించే మాట అది. నావైపు తిరిగి నాతోనూ అదే మాట అన్నారు. నేను బట్టీపట్టి తెచ్చుకున్న ''ఒజమ షిమస్'' అప్పజెప్పాను. మీకు ఇబ్బంది కలిగిస్తున్నాను అనే ఈ మర్యాద మాట పరాయి ఇంట్లో అడుగుపెట్టే అతిథి అనాల్సింది. ఆమె నవ్వి ఊరుకున్నారు. తప్పేమిటో మా ఆవిడ రాత్రి చెప్పింది.

పూతరేకుల డబ్బా ఎవరూ వెంటనే విప్పలేదు. మామగారు దాన్ని తీసుకెళ్లి ముందుగదిలో ఉన్న బుత్సుదాన్ ముందు పెట్టారు. పెద్దల పేర్లున్న ఫలకాలను ఉంచే చెక్క మందిరం అది. అగరొత్తి వెలిగించి, చిన్న కంచు గిన్నెను గంటలా మోగించి, చేతులు జోడించారు. ఇంట్లోకి ఏ తీపి వచ్చినా మొదటి వాటా పెద్దలదే. తర్వాతే మన నోటికి. నైవేద్యం అంటే ఏమిటో నాకు వేరే చెప్పనక్కర్లేదు కదా. జపాన్‌లో అడుగుపెట్టాక నాకు అనువాదం అవసరం లేని మొదటి దృశ్యం అదే. పక్కనే పుల్లలు గుచ్చి కాళ్లు అమర్చిన ఓ దోసకాయ, ఓ వంకాయ కనిపించాయి. దోసకాయ గుర్రం, వంకాయ ఆవు. పెద్దలు రావడానికి గుర్రం, తొందరగా రావాలని. వెళ్లడానికి ఆవు, వీలైనంత నెమ్మదిగా వెళ్లాలని.

ఆ రాత్రి అల్లుడి మర్యాదగా తొలి స్నానం నాకిచ్చారు. తొట్టి బయటే ఒళ్లు తోముకుని, శుభ్రమయ్యాక వేడినీళ్ల తొట్టిలో కూర్చోవాలి. అక్కడిదాకా సరిగ్గానే చేశాను. లేచి వస్తూ, మన పద్ధతి ప్రకారం శుభ్రంగా ఉంచాలని తొట్టి బిరడా లాగేశాను. ఆ నీళ్లు ఇంటిల్లిపాదికీ అని నాకు తెలియదు. అత్తగారు ఒక్క మాట అనకుండా మళ్లీ నింపుకొన్నారు. మన దగ్గరైతే ఈ కథను కొత్త అల్లుడికి ముగ్గురు మరదళ్లు ముప్ఫై ఏళ్లు గుర్తుచేసేవారు.

నాకు మరదళ్లు లేరు. మా ఆవిడ ఒక్కతే కూతురు. అసలు సంగతి అక్కడే ఉంది.

కూతుళ్లు మాత్రమే ఉన్న ఇళ్లకు జపాన్‌లో ఓ పాత ఉపాయం ఉంది. దాన్ని ముకోయోషి అంటారు. అచ్చంగా మన ఇల్లరికం. అల్లుణ్ని దత్తత తీసుకుని ఇంటిపేరు ఇస్తారు. మన రోడ్ల మీద మారుతి కార్లు నడవడానికి కారకుడైన ఒసాము సుజుకీ అలాంటి అల్లుడే. ఆయన పుట్టింది మత్సుదా ఇంట. సుజుకీ వ్యవస్థాపకుడి మనవరాలిని పెళ్లాడి ఆ ఇంటిపేరు తీసుకున్నారు. 2024 డిసెంబర్‌లో 94 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా ఆ పేరుతోనే వెలిగారు. భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలని జపాన్ సివిల్ కోడ్‌లోని 750వ నిబంధన చెబుతుంది. 2015లోనూ, 2021లోనూ సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. విదేశీయుణ్ని చేసుకున్నవారికి మాత్రం అది వర్తించదు. మా ఆవిడ ఇంటిపేరు ఆమెదే, నాది నాదే. వాళ్ల కుటుంబ రిజిస్టర్‌లో నాకంటూ వరుస లేదు. ఆమె వివరాల్లో, ఫలానావాణ్ని పెళ్లాడింది అన్నచోట నా పేరు ఉంటుంది.

13 సాయంత్రం సమాధుల దగ్గరికి వెళ్లాం. బకెట్‌తో నీళ్లు మోసుకెళ్లి, గరిటెతో రాయి మీద పోసి, బ్రష్‌తో నాచు తోమాం. ఆ పని చేస్తున్నంతసేపూ నన్నెవరూ అతిథిగా చూడలేదు. చుట్టూ కొన్ని సమాధులు గడ్డి మొలిచి ఉన్నాయి. కొన్నిచోట్ల రాయి తీసేసి కంకర పరిచారు. ఎందుకో అప్పుడు అడగలేదు. ఇంటికొచ్చి గుమ్మం ముందు బూర్జచెట్టు బెరడు వెలిగించాం. పెద్దలకు దారి చూపే మంట అది.

15న మధ్యాహ్నం మామగారు, నేను టీవీలో కోషియెన్ హైస్కూల్ బేస్‌బాల్ చూస్తున్నాం. మా ఇద్దరి మధ్యా భాష అడ్డురాని కాలక్షేపం అదొక్కటే. సరిగ్గా పన్నెండింటికి సైరన్ మోగింది. ఆట ఆగింది. కుర్రాళ్లు టోపీలు తీసి తలవంచారు. 1945 ఆగస్టు 15న యుద్ధం ముగిసినట్టు చక్రవర్తి రేడియోలో ప్రకటించిన వేళ అది. మనం జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకునే రోజు వాళ్లకు మౌనం పాటించే రోజు. మామగారు లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను.

తర్వాత ఆయన గోడ పైభాగాన ఉన్న ఫొటో చూపించారు. సైనిక దుస్తుల్లో ఓ కుర్రాడు. మామగారి చిన్నాన్నట. ఈయన పుట్టకముందే, 23 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఎక్కడని అడిగితే మా ఆవిడ అనువదించాల్సిన పని లేకుండానే అర్థమైంది. ఇంఫాల్. 1944 మార్చి నుంచి జూలైదాకా జరిగిన ఆ దండయాత్రలో దాదాపు 30 వేల మంది జపాన్ సైనికులు చనిపోయారు. వారిలో చాలామందిని చంపింది ఆకలి, రోగాలు. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజు వాళ్లతో కలిసి నడిచిన సంగతి మనం స్కూల్లో చదువుకున్నాం. ఆ నడిచిన ఇళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. వీళ్లింటికి వచ్చిన పెట్టెలో ఎముకలు లేవు, ఓ రాయి ఉందట. నేను తోమిన సమాధిలో ఉన్నది అదే. ఈ ఇంటికీ మన దేశానికీ చుట్టరికం కలిపింది నేనే అనుకున్నాను. నాకన్నా ముందు ఒకాయన వెళ్లాడు, తిరిగి రాలేదు.

''హైదరాబాద్ నుంచి ఇంఫాల్ ఎంత దూరం?'' అని అడిగారు మామగారు. నాకు తెలియదు. క్యోటో నుంచి నారాకు రైళ్ల వేళలన్నీ నోటికి చెప్పగలను.

ఆ తర్వాత అసలు మాట చెప్పారు. వచ్చే శరదృతువులో సమాధిని మూసేస్తున్నారు. హకజిమై అంటారు దాన్ని. మునిసిపాలిటీ అనుమతి తీసుకుని, పూజ చేయించి, అస్థికలను గుడివాళ్లు చూసుకునే ఉమ్మడి సమాధిలోకి మార్చి, రాయి తీసేస్తారు. ఆ కంకర పరిచిన చోట్లు అవే. 2022 ఆర్థిక సంవత్సరంలో జపాన్‌లో ఇలాంటి మార్పిళ్లు లక్షన్నర దాటాయి. 2023 సర్వే ప్రకారం ఆ దేశంలో 90 లక్షల ఇళ్లు, అంటే మొత్తం ఇళ్లలో 13.8 శాతం ఖాళీగా ఉన్నాయి. ఇళ్లకే మనుషుల్లేని ఊళ్లలో సమాధులకు ఎవరుంటారు? ఆయనకు 79 ఏళ్లు, అత్తగారికి 76. ''మీరు దూరంగా ఉంటారు. మీకు భారం కాకూడదు'' అన్నారు. నిష్ఠూరం లేదు. బియ్యం అయిపోయాయి, తేవాలి అన్నంత మామూలుగా అన్నారు. మా ఆవిడ ఆ మాట నాకు అనువదించి, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కవేశాను. రెండేళ్లకోసారి వస్తాం. వచ్చినప్పుడు ఇక్కడ నాలుగు రోజులు. ఇంకో పదేళ్లు వాళ్లు గట్టిగా ఉంటారనుకున్నా ఐదు ప్రయాణాలు, ఇరవై రోజులు. డాలస్‌లోనో, మెల్బోర్న్‌లోనో కొడుకుండి, గుంటూరులోనో, వరంగల్‌లోనో ఫోన్ పట్టుకుని కూర్చునే తల్లిదండ్రులకు ఈ లెక్క కొత్త కాదు. మన ఇళ్లలో దాన్ని వేసేది వాళ్లే. నేను మొదటిసారి అవతలి వైపు నిలబడి వేశాను. పాస్ డబ్బులు రాబట్టుకోవాలని తాళ్ల ఇవతల నిలబడి గడిపిన ఆరు రోజులు గుర్తొచ్చాయి.

వాళ్ల నిర్ణయాన్ని మార్చే హక్కు నాకు లేదు. మారిస్తే ఆ రాయిని ఏటా ఎవరు తోముతారో చెప్పాల్సింది నేనే, చెప్పలేను. ఇల్లరికం వెళ్లని అల్లుణ్ని. కానీ రెండు పనులు చేయగలం. వచ్చే శరదృతువులో, రాయి తీసే రోజున, మేమిద్దరం అక్కడ ఉంటాం. ఆ సెలవంతా ఆ ఊళ్లోనే. రెండోది ఇంఫాల్. అక్కడ రెడ్ హిల్ దగ్గర 1994లో జపాన్ ప్రభుత్వం కట్టించిన స్మారకం ఉంది. 2019లో దాని చేరువలో ఓ మ్యూజియం కూడా వచ్చింది. 2023 మేలో మణిపూర్‌లో మొదలైన ఘర్షణల తర్వాత అటు వెళ్లడం మునుపటంత తేలిక కాదు. వీలు చూసుకుని వెళ్లాలి. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లడం మామగారికన్నా నాకే సులువు. ఆ మాట చెబితే ఆయన చాలాసేపు తలూపారు.

16 సాయంత్రం సాగనంపే మంట వెలిగించాం. వంకాయ ఆవు మొహం బయటివైపు తిప్పి పెట్టారు. మర్నాడు పొద్దున్నే మా వంతు. గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే, ఏమనాలో మా ఆవిడ చెవిలో చెప్పింది. ''ఇత్తెకిమస్.'' వెళ్లి వస్తాను అని అర్థం. ఇంట్లోవాళ్లు బయటికి వెళ్లేటప్పుడు అనే మాట. అతిథులు అనరు. ఇంటి నుంచి కదిలేటప్పుడు వెళ్తాను అనకూడదు, వెళ్లొస్తాను అనాలని చిన్నప్పుడు మా అమ్మ నెత్తిమీద మొట్టి మరీ నేర్పిన మాటే ఇది. ఈసారి తప్పు లేకుండా పలికాను.

''ఇత్తెరష్షై'' అన్నారు అత్తగారు. వెళ్లి రా, అని.